మిస్ చెప్పింది

గరిక కట్టేటప్పుడు పంకజాక్షికి కళ్ళతో పని లేదు. తడి గోనెపట్టాలోంచి పిడికెడు పోచలు లాగడం, కొనలు సమం చేయడం, అరటినార రెండు చుట్లు తిప్పి బిగించడం, అన్నీ వేళ్ళే చూసుకుంటాయి. కాణిపాకం గుడి దారిలో మొగుడికి పూజాసామాన్ల అంగడి ఉంది. అక్కడికి పొద్దున్నే కావలసిన కట్టలన్నీ ముందురోజు సాయంత్రం చిత్తూరులో ఈ మేడమెట్ల మీదే కట్టేస్తుంది. పై హాలులో కూతురు డాన్సు నేర్చుకుంటూ ఉంటుంది. కిటికీ ఊచల్లోంచి ఆ పిల్లను చూస్తూ ఈమె కట్టలు కడుతూ ఉంటుంది.

ఆ బుధవారం మాత్రం చూస్తూ చూస్తూ చేతులు ఆగిపోయాయి.

లోహిత నేల మీద కూర్చుని కాలు చాపింది. ఆ పాదం టీచరు ఒళ్ళో ఉంది. ప్రసన్నకుమారి ఒక అరచేత్తో మడమ పట్టుకుని, రెండో చేత్తో కాలివేళ్ళను కిందికి వంచుతూ, వదులుతూ, మళ్ళీ వంచుతూ ఉంది. లోహిత ఏదో అంది. టీచరు తల వెనక్కి వాల్చి నవ్వింది. లోహిత కూడా నవ్వింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, పళ్ళన్నీ కనబడేట్టు. పళ్ళకు క్లిప్పులు వేయించినప్పటినుంచీ ఆ పిల్ల ఇంట్లో పెదవులు విప్పి నవ్వింది లేదు.

"మీ పాప అదృష్టం అమ్మణ్ణీ," అంది పక్క మెట్టు మీద కూర్చున్న జ్ఞానాంబ. ఆమె మనవరాలు పవిత్ర కూడా అక్కడే నేర్చుకుంటోంది. "మిస్సు కన్నబిడ్డ మాదిరి చూసుకుంటా ఉండాది సూడు."

"అవునత్తా," అంది పంకజాక్షి. నార మరీ గట్టిగా లాగినట్టుంది, మధ్యకు తెగింది.

కింద మోటారు పంపులు బాగుచేసే షాపు. పైన ఈ హాలు. గోడ పొడవునా నడుమెత్తున ఒక ఇనుప పైపు బిగించి, ఎదురుగా అద్దాలు పెట్టి, ప్రసన్నకుమారి ఆడపిల్లలకు బ్యాలే నేర్పుతుంది. ముప్పై దాటిన మనిషి, పెళ్ళి కాలేదు. మద్రాసులో కొన్నాళ్ళు నేర్చుకుని వచ్చింది. ఆమె దగ్గర నేర్చుకునే పిల్లల్లో పద్నాలుగేళ్ళ లోహితకు ఇప్పుడు బెంగుళూరు నుంచి పిలుపు వచ్చింది. మే నెలంతా అక్కడి డాన్సు స్కూల్లో వేసవి శిబిరం. ఆ పిల్ల పంపిన వీడియో చూసి, ఆదివారం వచ్చి కనబడమన్నారు. ఎంపికైతే చిన్నపిల్లల బ్యాచిలోనో పెద్దపిల్లల బ్యాచిలోనో చేర్చుకుంటారు. అందుకని ఈ వారం బడి మానేసి పొద్దుటినుంచీ ఇక్కడే సాధన.

క్లాసు ముగిసి స్కూటీ ఎక్కగానే లోహిత వెనకనుంచి మొదలుపెట్టింది.

"అమా, ఈ వారం తలకు నూనె వద్దంట. కొప్పు జారతాదని మిస్ చెప్పింది."

"ఊఁ."

"రేత్రి బిరిన, తొమ్మిదికల్లా పడుకోమని చెప్పింది. పొద్దున నేను జడ వేసుకోకుండా పోతా, మిస్సే కొప్పు వేసి చూపిస్తానని చెప్పింది."

"మధ్యాన్నం అన్నం తిన్నావా?"

"కొంచం. మిస్ చెనిక్కాయల చట్నీ తెచ్చింది. అది తిన్నా."

ఇంటికి వచ్చి పంకజాక్షి క్యారియరు మూత తీసింది. పొద్దున నాలుగు గంటలకు లేచి చేసిన పులిహోర ఎలా పెట్టిందో అలాగే ఉంది. మధ్యలో ఒక్క చెంచా గుంట. దాన్ని తీసుకెళ్ళి పెరట్లో కాకులకు వేసి, క్యారియరును చాలాసేపు, అవసరమైనదానికంటే ఎక్కువసేపు తోమింది.

గురువారం సాయంత్రం మెట్ల మీద జ్ఞానాంబ ఒక మాట అడిగింది.

"పాప గోరు ఎట్లుండాది ఇప్పుడు?"

పంకజాక్షి తల ఎత్తలేదు. ఏ గోరు, ఏ కాలు, ఎప్పుడు అని నోటి దాకా వచ్చిన ప్రశ్నలన్నిటినీ మింగేసింది. కన్నకూతురి కాలి సంగతి ఇంకొకరిని అడిగి తెలుసుకోవడమా?

"పర్వాలేదత్తా. తగ్గతా ఉండాది."

"మా పవిత్ర చెప్పింది, నల్లగా అయిపోయిందంట కదా. పది దినాల్నించి మిస్సే పట్టీ కడతా ఉండాదంట. ఓర్పుగల్ల పిల్లమ్మా."

"అవును. ఓర్పే," అంది పంకజాక్షి. పోచల కొనలు సమం చేసింది. సమంగా ఉన్నవాటినే మళ్ళీ సమం చేసింది.

ఇంటికి రాగానే స్నానాలగది వాకిట్లో అడ్డం నిలబడింది.

"కాలు చూపించు."

"ఏ కాలు?"

"గోరు పోయిన కాలు."

లోహిత గోడకు ఆనుకుంది. తర్వాత వంగి సాక్సు తీసింది. బొటనవేలి చుట్టూ తెల్లటి పట్టీ. ఎంత పొందికగా చుట్టారంటే, అంచులెక్కడా లేవలేదు. పంకజాక్షి నేల మీద కూర్చుని ఆ పట్టీ విప్పింది. గోరు నేరేడుపండు రంగులో ఉంది. ఒక పక్క చర్మాన్ని వదిలేసి లేచి ఉంది. బ్యాలే బూటు ముందు భాగం చెక్కలా గట్టిగా ఉంటుంది. ఆ బూటు తొడుక్కుని ఒంటి బరువంతా వేలికొనల మీద మోసి ఆడాలి.

"ఎన్నాళ్ళైంది?"

"మిస్‌కు తెలుసులే మా. ఆమెకు కూడా ఇట్లే అయిందంట."

"నేను అడిగింది అది కాదు. నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెప్తే పోనీవు కదా," అంది లోహిత. కోపంగా అనలేదు. నీళ్ళు వేడిగా ఉంటే వేడిగా ఉన్నాయి అని చెప్పినట్టు చెప్పింది. "మిస్ అట్ల కాదు."

పంకజాక్షి పట్టీని మళ్ళీ చుట్టబోయింది. అది సరిగా రాలేదు. లోహిత పాదం వెనక్కి తీసుకుని తనే చుట్టుకుంది.

శుక్రవారం పొద్దున కాణిపాకంలో అంగడి తెరుస్తున్న దామోదరానికి పంకజాక్షి ఆ సంగతి చెప్పింది. టెంకాయలు పేర్చుతూ విన్నాడు. ఒకటి చెవి దగ్గర పెట్టి ఆడించి, నీళ్ళు లేవని పక్కన పడేశాడు.

"గోరే కదా. రాలిపోతే మళ్ళీ వస్తాది. బెంగుళూరోళ్ళు మళ్ళీ పిలస్తారా?"

"పిల్ల కాలు పాడైనా పర్వాలేదా నీకు?"

"పాడైతే ఆ టీచరమ్మ ఊరుకుంటాదా? మనకంటే ఆమెకే జాస్తి తెలుసు." మొదటి బేరం వచ్చింది. జిల్లేడు వినాయకుణ్ణి కాగితంలో చుట్టి ఇచ్చి మళ్ళీ ఇటు తిరిగాడు. "నాకు ఆదివారం రద్దీ. నీకు ఆ ఇంగ్లీషూ రాదు, ఆ ఊరూ తెలీదు. టీచరమ్మతో పంపించేస్తే సరిపోతాది కదా."

ఈ మనిషి వద్దంటాడు, ఆ వంకతో బెంగుళూరు ప్రయాణమే ఆగిపోతుంది అనుకుని వచ్చింది పంకజాక్షి. పిల్ల నాలుగు రోజులు ఏడుస్తుంది. ఏడ్చి తన ఒళ్ళోనే పడుకుంటుంది. రాత్రంతా ఆ ఊహను కప్పుకునే పడుకుంది. ఇప్పుడు దామోదరం దాన్ని ఒక్క మాటతో తీసి అవతల పెట్టాడు.

"ఒక్కరినే లోపలికి రానిస్తారంట," అంది. "నేనే పోతా."

"పో. ఎవరొద్దన్నారు?"

సాయంత్రం ఆమె మెట్ల మీద కూర్చోలేదు. గరిక సంచి కిందే వదిలేసి, చెప్పులతోనే పైకెక్కి, చెప్పులతోనే హాలులోకి నడిచింది. ఆ నేల మీద చెప్పులతో ఎవరూ అడుగుపెట్టరు. పైపు పట్టుకుని వరసగా నిలబడిన పిల్లలు అద్దంలో ఆమెను చూశారు. వాకిట్లో జ్ఞానాంబ లేచి నిలబడింది.

"పిల్ల కాలికి గోరు లేచిపోతా ఉంటే పట్టీ వేసి ఎగరమంటావా?"

ఇన్నాళ్ళూ ఆమె ప్రసన్నకుమారిని మీరనే అనేది. ఆ మాట ఎక్కడో మెట్ల మీదే జారిపోయింది.

ప్రసన్నకుమారి ఫోనులో పాట ఆపింది. "అక్కా, ఆ రూములోకి రండి. మాట్లాడుకుందాం."

"ఈడ్నే మాట్లాడు. అందరూ వినల్ల. పది దినాలంట! కన్నతల్లికి ఒక మాట చెప్పల్లని తెలీదా?"

"అమా," అంది లోహిత.

"నువ్వు గమ్మునుండు." ఆగి ఉంటే బాగుండేది. ఆగలేకపోయింది. "నువ్వొక బిడ్డను కనుంటే తెలిసేది ఆ నొప్పి. ఊళ్ళోవాళ్ళ పిలకాయల కాళ్ళు ఒళ్ళో పెట్టుకుంటే అమ్మ అయిపోతావా?"

కింద షాపులో ఎవరో మోటారు ఆన్ చేసి చూశారు. అది గుర్రుమని తిరిగి ఆగింది. ఆ నిశ్శబ్దంలో పంకజాక్షికి తన మాట తనకే వినబడింది. గోరు గురించి మాట్లాడటానికి వచ్చి ఇంకేదో మాట్లాడేసిందని అందరికీ అర్థమైంది. పైపు చివర నిలబడిన ఏడేళ్ళ పిల్లకు కూడా అర్థమైనట్టే ఉంది.

ప్రసన్నకుమారి మెడ దగ్గర ఎర్రబడింది. చున్నీ కొసను వేలికి చుట్టుకుంది, విప్పింది.

"మీకు చెప్పుండాల్సింది అక్కా. తప్పు నాదే."

ఎదురు తిరుగుతుందని, గొంతు లేపుతుందని, అప్పుడు ఇంకా నాలుగు అనవచ్చని వచ్చింది పంకజాక్షి. లోహిత బూట్లు సంచిలో వేసుకుని తల్లి పక్కనుంచే, ఆమెను తాకకుండా, మెట్లు దిగి వెళ్ళిపోయింది. స్కూటీ ఎక్కలేదు. ఇంటిదాకా నడిచింది. పంకజాక్షి ఆ వెనకే, మెల్లగా, ఆటోలు హారన్లు కొడుతున్నా పక్కకు తప్పుకోకుండా బండి నడిపింది.

శనివారం లోహిత మాట్లాడలేదు. దోసె వేస్తే తింది, గ్లాసు పెడితే తాగింది. వంటింటి గట్టు పట్టుకుని ఒక కాలు వెనక్కి లేపి, మెల్లగా దించి, మళ్ళీ లేపింది. గట్టు మీద పప్పు ఉడుకుతోంది. కుక్కరు విజిల్ వేసినా ఆ పిల్ల కనురెప్ప కదలలేదు. తల్లి పక్కన నిలబడి వంకాయలు తరుగుతోంది. ఇద్దరి మధ్యా మూరెడు దూరం కూడా లేదు.

మధ్యాహ్నం ప్రసన్నకుమారి వచ్చింది. రమ్మన్నా లోపలికి రాలేదు. వాకిట్లోనే నిలబడి చేతిసంచిలోంచి దూది, పట్టీ చుట్ట, చిన్న కత్తెర తీసింది.

"రేపు బూటు వేసే ముందర దూది ఇంత తీసుకుని గోరు మీద కాకుండా పక్కన పెట్టండి అక్కా. పట్టీ కింద నుంచి మొదలుపెట్టి పైకి చుట్టల్ల. బిగించద్దు." తన చేతి బొటనవేలినే కాలివేలుగా చేసి చుట్టి చూపించింది. "మీరే కట్టండి."

పంకజాక్షి ఆ దూదీ పట్టీ అందుకుంది. నిన్న అన్ని మాటలు పడి ఇవాళ గుమ్మం దాకా వచ్చింది, పైగా తల్లి చేయాల్సిన పని తల్లికే అప్పగిస్తోంది. కృతజ్ఞతగా ఉండాలి. ఉండలేకపోయింది. ఎంత మంచిదో చూడు, అని పిల్ల ఎక్కడో తలుపు వెనకనుంచి వింటూ అనుకుంటూ ఉంటుంది కదా! ఆ మంచితనం కూడా పిల్లను తన నుంచి ఇంకో అడుగు అవతలికి లాగడానికే వచ్చినట్టు అనిపించింది.

"నేను కూడా వస్తా అక్కా, మీకు అభ్యంతరం లేకపోతే. లోపలికి రాను. అంతకుముందు పాపకు కాళ్ళు చేతులు సాగదీయించల్ల కదా."

అభ్యంతరం ఉంది అనేలోపల వెనకనుంచి, అన్నానికి ఇంటికొచ్చిన దామోదరం కేకేశాడు. "తప్పకుండా పోమ్మా! నువ్వుంటే మాకు ధైర్యం."

ఆదివారం తెల్లవారకముందే బస్సెక్కారు. బంగారుపాళ్యం దాటేటప్పటికి వెలుతురు వచ్చింది. దారికి రెండు పక్కలా మామిడితోటల్లో గోలీలంత పిందెలు.

బెంగుళూరులో ఆ స్కూలు ఒక నీడల వీధిలో ఉంది. గేటు ముందు కార్లు. లోపల పొడుగు వసారాలో పిల్లలు నడుముకు అంటుకునే నల్లటి దుస్తుల్లో, ఛాతీ మీద నంబరు చీటీ పెట్టుకుని, కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. ఒక పిల్ల కాలిని గోడకు ఆనించి తలదాకా లేపి, అలాగే నిలబడి అరటిపండు తింటోంది.

పంకజాక్షి కూతురి ముందు కూర్చుని పట్టీ విప్పింది. దూది పక్కకు పెట్టింది, కిందనుంచి పైకి చుట్టింది. నిన్నంతా తన వేలికే చుట్టి చూసుకుంది. లోహిత కాసేపు చూసింది.

"మిస్ అట్ల కట్టదు," అంది. రెండు రోజుల్లో తల్లితో మాట్లాడిన మొదటి మాట అది. విప్పేసి మళ్ళీ తనే కట్టుకుంది.

ప్రసన్నకుమారి అది చూడలేదు. ఆమె మిగతా పిల్లల పాదాలు చూస్తోంది. ఒక పిల్ల పాదం నుంచి ఇంకో పిల్ల పాదానికి, అక్కడినుంచి లోహిత పాదానికి ఆమె చూపు వెళ్తోంది, వస్తోంది. అరచేతులు చున్నీకి తుడుచుకుంది. కొంచెం ఆగి మళ్ళీ తుడుచుకుంది. మిస్సుకు భయం వేస్తోందని పంకజాక్షికి తెలిసిపోయింది. ఎండలో నడిచి వచ్చినవాళ్ళకు మజ్జిగ దిగినట్టు, లోలోపల ఏదో చల్లగా దిగింది.

లోపల గోడ పక్కన కుర్చీలు వేశారు. పిల్లకొకరు చొప్పున పెద్దవాళ్ళు కూర్చోవచ్చు. పంకజాక్షి కూర్చుంది. ప్రసన్నకుమారి తెరిచి ఉన్న తలుపు అవతల నిలబడింది. నెరిసిన జుట్టు మగపిల్లాడిలా కత్తిరించుకున్న పెద్దావిడ ముందు నిలబడి చూస్తోంది. పక్కన ఆమెకు సాయంగా ఒక అమ్మాయి. కోలారు అమ్మాయట, తెలుగు వచ్చు.

పియానో మీద ఎవరో వాయించారు. పిల్లలు ముగ్గురు ముగ్గురుగా మూల నుంచి మూలకు ఎగురుతూ దాటారు. లోహిత వంతు వచ్చింది. ఆ పిల్ల నేల వదిలిన ప్రతిసారీ, కిందికి రావడం మరిచిపోయినట్టు ఒక్క క్షణం పైనే ఉండేది. పంకజాక్షి మెట్ల మీద కూర్చుని నాలుగేళ్ళు చూసింది. కానీ ఎప్పుడూ ఊచల్లోంచే చూసింది. అడ్డు లేకుండా చూడటం ఇదే మొదలు. పెద్దావిడ "గుడ్," అని, రాసుకుని, ఇంకోసారి ఎగరమంది.

తర్వాత గట్టి బూట్లు తొడుక్కుని వేలికొనల మీద నిలబడమన్నారు. లోహిత నాలుగు అడుగులు వేసిందో లేదో పెద్దావిడ చెయ్యెత్తి వాయిద్యం ఆపించింది. బూట్లు విప్పమంది. వంగి, ఆ పాదాన్ని పట్టుకుని, పట్టీ చూసింది, మడమ అటూ ఇటూ తిప్పింది. ఇంగ్లీషులో గట్టిగానే ఏదో అంది. కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు కదిలారు.

కోలారు అమ్మాయి తెలుగులో చెప్పింది. "ఈ బూట్లు నీకు ఇంత తొందరగా ఎవరు వేయించారని అడుగుతున్నారు. చీలమండలకు ఇంకా బలం రాలేదంట. పాదం లోపలికి తిరిగిపోతోంది. ఇట్లా అలవాటు చేస్తే పిల్ల కాలు పాడవుతుందంట. నీకు నేర్పించింది ఎవరు?"

శుక్రవారం తను అన్నది ఇదే. నలుగురిలో, ఇంగ్లీషులో, ఇంత పెద్ద మనిషి నోట అదే మాట వచ్చింది. పంకజాక్షి గభాలున తలుపు వైపు తిరిగింది. ఆ ముఖం ఎలా ఉంటుందో చూడాలని ఎన్ని సాయంత్రాలు కోరుకుందో ఆమెకే తెలుసు. ప్రసన్నకుమారి తలుపు చట్రం పట్టుకుని ఉంది. ముఖంలో రక్తం లేదు.

లోహిత కూడా తలుపు వైపు చూసింది. చూసి, తల దించుకుని, నేల మీది బూట్లను చూసింది.

"నో టీచర్ మ్యామ్," అంది. "వీడియోలు చూసి నేర్చుకున్నా. మైసెల్ఫ్."

పెద్దావిడ కనుబొమలు లేచాయి. కోలారు అమ్మాయి చెప్పింది విని, ఆమె ముఖమే మారిపోయింది. నవ్వింది. కుర్చీల్లో ఒకావిడ "వావ్," అంది. ఎవరూ నేర్పకుండానే ఇంత ఎగిరిందంటే మరి! పెద్దావిడ పెన్ను తీసుకుని వంగి రాయబోయింది.

నో టీచర్. ఆ రెండు మాటలు అర్థం కావడానికి పంకజాక్షికి ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది. తను చెయ్యాలనుకున్నది, చెయ్యలేకపోయినది, పిల్ల ఒక్క ఊపిరిలో చేసేసింది. మిస్సును తుడిచేసింది. ఇంత తేలిగ్గా, తడబడకుండా. ఇక కూర్చోవచ్చు. కూర్చుంటే చాలు, పిల్ల పెద్ద బ్యాచిలో పడుతుంది, మిస్సు పేరు ఇక ఎక్కడా రాదు. తలుపు అవతల ప్రసన్నకుమారి నోరు తెరవలేదు. చిన్నగా తల ఊపింది, పర్వాలేదు అన్నట్టు, లోహితకు ధైర్యం చెబుతున్నట్టు.

పంకజాక్షి లేచి నిలబడింది.

"కాదు మేడమ్," అంది. "పాప భయపడి అట్ల చెప్పింది. దీనికి టీచర్ ఉండారు. నాలుగేండ్లుగా ఆమే నేర్పిస్తా ఉండారు. ప్రసన్నకుమారి అని. అదో, వాకిట్లో నిలబడుకోని ఉండారు సూడండి, ఆమె."

కోలారు అమ్మాయి తెల్లబోయి చూసింది.

"చెప్పమ్మా ఆమెకు. ఇప్పుడు ఎగిరింది సూడు, మేడమ్ బాగుందన్నారే, అదీ ఆమె నేర్పించిందే. ఈ గోరు పోయిందీ ఆమె దగ్గరే. రెండూ ఆమెవే."

పెద్దావిడ లోహితను చూసింది. ఆ చూపు కిందికి లోహిత మెడ ఇంకా వంగింది. తర్వాత పెద్దావిడ తలుపు వైపు చెయ్యి ఊపి పిలిచింది. ప్రసన్నకుమారి చెప్పులు విడిచి, ఆ నేల మీదికి వట్టికాళ్ళతో వచ్చింది. వాళ్ళిద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. పెద్దావిడ గొంతు మెత్తగా లేదు. ప్రసన్నకుమారి "యెస్ మ్యామ్, యెస్ మ్యామ్," అంటోంది. ఒక దశలో పెద్దావిడే గోడ పైపు పట్టుకుని, ప్యాంటు కొస పైకి లాగి, తన పాదం పెట్టి చూపించింది. ప్రసన్నకుమారి వంగి చూసింది. తన పాదం కూడా ఆ పక్కన పెట్టింది. ఆమె పాదం కూడా కొంచెం లోపలికే తిరిగి ఉంది. పెద్దావిడ దాన్ని తన కాలితో తట్టి సరిచేసింది.

భోజనాల తర్వాత ఫలితాలు చెప్పారు. లోహితను తీసుకున్నారు. అయితే చిన్నపిల్లల బ్యాచిలో. గట్టి బూట్లు ముట్టుకోకూడదు, నిలబడటం దగ్గర్నుంచి మళ్ళీ నేర్చుకోవాలి.

తిరుగు బస్సులో ప్రసన్నకుమారి ముందు సీట్లో ఒంటరిగా కూర్చుంది. లోహిత కిటికీ పక్కన, తల్లి దగ్గర కూర్చుంది. హొసకోట దాటేదాకా ఏడ్చింది, శబ్దం రాకుండా, ముక్కు మాత్రం తుడుచుకుంటూ. కోలారు దగ్గర నోరు విప్పింది.

"నువ్వు గమ్మునుండుంటే పెద్ద బ్యాచిలో వేసుండేవాళ్ళు."

"వేసుండేవాళ్ళేమో."

"ఎనిమిదేండ్ల పిలకాయలతో నిలబడల్ల నేను."

"నిలబడు."

లోహిత ఇటు తిరిగింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "నీకు మిస్ అంటే గిట్టదు కదా. మళ్ళ ఎందుకు చెప్పినావు?"

పంకజాక్షి ముందు సీటు మీదుగా కనబడుతున్న టీచరు కొప్పును చూసింది. పొద్దున అంత నున్నగా ఉన్నది ఇప్పుడు ఒక పక్కకు జారింది.

"గిట్టదు," అంది. "అయినా మనిషి ఉండాది కదా పాపా. కళ్ళెదురుగా ఉండే మనిషిని లేదంటావా?"

లోహిత మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

ముళబాగిలులో బస్సు ఆగింది. టీ తాగేవాళ్ళు దిగారు. ప్రసన్నకుమారి లేచి, వీళ్ళ సీటు దగ్గర ఒక్క క్షణం ఆగి, "మీకేమన్నా కావల్నా అక్కా?" అని అడిగింది. లోహిత వైపు చూడలేదు. పంకజాక్షి వద్దని తల ఊపింది. ఆమె దిగిపోయింది.

"అమా." లోహిత గొంతు చిన్నదైపోయింది. "మిస్ ఇంక నాతో మాట్లాడదా?"

అడిగింది తననే. ఇన్నాళ్ళకు పిల్ల ఒక మాట మిస్సును కాకుండా తల్లిని అడిగింది. భుజం మీదికి కొంచెం వాలింది కూడా. వెచ్చగా ఉంది. దాన్ని అలాగే ఉండనిస్తే చిత్తూరు దాకా అలాగే ఉంటుంది. ఉండనివ్వాలని పంకజాక్షికి ప్రాణం కొట్టుకుంది.

"నన్నడిగితే నాకేం తెలుసు?" అంది, కాళ్ళు పక్కకు తీసి దారి ఇస్తూ. "పోయి ఆమెనే అడుగు."

లోహిత కదల్లేదు. తర్వాత లేచి, కుంటుతూ, సీట్లు పట్టుకుంటూ దిగింది.

టీకొట్టు ముందు ప్రసన్నకుమారి గ్లాసు చేత్తో పట్టుకుని రోడ్డు వైపు చూస్తోంది. లోహిత వెళ్ళి ఆమె ఎదురుగా నిలబడింది. ఏమందో బస్సులోకి వినబడలేదు. ప్రసన్నకుమారి గ్లాసు ఎత్తింది. ఒక గుటక తాగింది. ఇంకొక గుటక తాగింది. లోహిత చేతులతో ముఖం కప్పుకుంది. అప్పుడు ఆమె గ్లాసు బల్ల మీద పెట్టి, ఒక్క చేత్తో ఆ పిల్ల తలను తన భుజానికి ఆనించుకుంది. ఇంకా ఏదో కోపంగానే చెబుతున్నట్టుంది. చెబుతూనే వీపు నిమురుతోంది.

పంకజాక్షి కిటికీలోంచి చూసింది. పాత మంట మళ్ళీ లేచింది. అదేం తగ్గలేదు. ముఖం తిప్పుకోవాలనిపించింది, తిప్పుకోలేదు.

టీ తాగినవాళ్ళు ఎక్కారు. డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు. కండక్టరు సీట్లు ఒకసారి చూసుకుంటూ వచ్చి, తలుపు లాగి, "రైట్" అనబోయాడు.

పంకజాక్షి లేచి నిలబడి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండప్పా, పోనీద్దు. మావాళ్ళిద్దరు కింద ఉండారు."